అత్తాకోడళ్లను వేయించిన కోడలు

నేనొకసారి అత్తాకోడళ్లను మూకుట్లో వేసి వేయించేశాను. వేయించి ఊరుకున్నానా, బెల్లం కలుపుకుని తిన్నాను. తిని ఊరుకున్నానా, వాళ్ల కోసం అంత దూరం నుంచి బండి కట్టుకుని వచ్చిన పెద్దమనిషికి కూడా దోసిళ్లతో పెట్టాను. ఈ మాట చెప్పగానే కొత్తవాళ్లు కూర్చున్న చోటు నుంచి కాస్త జరుగుతారు. మీరు జరగకముందే అసలు సంగతి చెప్పేస్తాను. అత్తాకోడళ్లంటే జొన్నలు. మామూలు జొన్నకు ఒక పొట్టులో ఒక గింజే ఉంటుంది. ఈ జొన్నకు రెండుంటాయి, వీపుకు వీపు ఆనించుకుని, ఒకదాని మొహం ఒకటి చూడకుండా. కాపురం సంగతి బాగా తెలిసిన వాళ్లెవరో ఆ పేరు పెట్టి ఉంటారు. పేరు మనుషులది కాబట్టి ఆ పల్లెల్లో మాట కూడా మనుషుల మాటే. అత్తాకోడండ్లు మొలిచినరు, అత్తాకోడండ్లు ఎండినరు అంటారు తప్ప, మొలిచినయి, ఎండినయి అనరు. చూశారా, మీకు నాలుగు ముక్కల్లో చెప్పేశాను. నాకు ఈ నాలుగు ముక్కలు చెప్పిన పుణ్యాత్ములు లేరు. గొడవంతా అక్కడే వచ్చింది.

మా పుట్టిల్లు కోదాడ. చెరువు కింద వరి పండించుకునే ఇల్లు. మా ఇంట్లో జొన్నలు తెచ్చేది పిట్టలకు వేయడానికి. నైజాం రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలంలో నన్ను సూర్యాపేట పక్కన, మూసీకి ఈవలి ఒడ్డున ఉన్న పల్లెకు ఇచ్చారు. నేను నాలుగో తరగతి దాకా చదువుకున్నాను. ఆ పల్లెలో అంత చదివిన ఆడపిల్ల ఇంకొకతె లేదని నాకు మహా గర్వం. ఆ చదువు ఈ వ్యవహారంలో చిట్టచివరి దాకా ఎందుకూ పనికిరాలేదు.

మా అత్తగారు రాములమ్మది వేరే చదువు. వంటింటి పక్క చీకటి అర్రలో గోడ పొడవునా కుండలు, ఎండిన సోరకాయ బుర్రలు. మూతులకు పేడమట్టి మెత్తి ఉండేది. లోపల విత్తనాలు: పచ్చజొన్న, కొర్ర, సజ్జ, ఎర్రకంది, ఉలవ, అనుము, నువ్వు. ఒక్కదాని మీదా రాత లేదు. మెడకు కట్టిన తాడు ముడిని తడిమి, లోపలున్నది ఏమిటో, ఏ మెట్ట చెలకకు సరిపోతుందో, ఎన్ని వానలు ఓర్చుకుంటుందో ఆమె గడగడా చెప్పేది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి విత్తనానికి పురుగు పట్టినా ఆఖరికి మా గడపలోకే వచ్చి నిలబడేవారు. అంతకు ముందటి రెండేళ్ల గడబిడలో చాలా ఇళ్లు అంటుకున్నాయి. మిర్యాలగూడెం దిక్కున ఉండే అత్తగారి తమ్ముడు ఈరయ్య కొట్టం కూడా కాలిపోయింది. అందులో అత్తాకోడళ్ల విత్తనమంతా బూడిదైంది. అందరి లెక్కలో ఇక ఆ జొన్న మిగిలింది మా ఇంట్లో ఒకే ఒక్క కుండలో. ఆ కుండను అర్రలో కూడా ఉంచేది కాదు మా అత్తగారు. పొయ్యికి పైన ఉట్టిలో పెట్టింది. రోజూ పొగ తగిలితే పురుగు రాదని.

ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు నాకు చెప్పింది ఒక్కటే: "గా ఉట్టి ముట్టకు." కొత్త కోడలికి ముట్టవద్దని చెప్పిన వస్తువులు ఆ ఇంట్లో అప్పటికే ఇరవై దాకా ఉన్నాయి. మామగారి పొడుం కాయ ముట్టకు, ఎర్ర ఆవు కొమ్ము ముట్టకు, ఈ చేట ముట్టకు, ఆ చాట ముట్టకు. ఇన్నింట్లో నిజంగా ముట్టకూడనిది ఏదో ఎలా తెలుస్తుంది, మీరే చెప్పండి.

మిరుగం, అంటే మృగశిర కార్తె, ఇంకా రెండు రోజులుందనగా, సూర్యాపేటలో మా ఆడబిడ్డకు నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. మా ఆయన హడావిడిగా బండి కట్టాడు. అత్తగారు ఒక కాలు బండి మీద పెట్టి నన్ను పిలిచింది.

"ఇగో పిల్లా, జర మంచిగ ఇను. రేపు పొద్దుగాల మా తమ్ముడు ఈరయ్య బండి తీస్కోని వస్తడు. అత్తాకోడండ్లను ఆని ఎంబడి తోలియ్యి."

"అత్తాకోడళ్లనా?"

"ఆఁ, అత్తాకోడండ్లనే. తొవ్వల తడువకుండ సూడుమను. గాడికి పోయినంక ఆడే సూసుకుంటడు. గా పొయ్యి మీద..."

ఎడ్లు కదిలాయి. మిగతా మాట గజ్జెల చప్పుడులో కొట్టుకుపోయింది. పొయ్యి మీద అనగానే నాకు పాలు గుర్తొచ్చి లోపలికి పరుగెత్తాను. నిజంగానే పాలు పొంగబోతున్నాయి. ప్రయాణపు తొందరలో కూడా ఎంత జ్ఞాపకం ఈ మనిషికి అని అత్తగారిని మెచ్చుకుని గిన్నె దించాను. ఆ గిన్నెకు సరిగ్గా మూరెడు పైన ఉట్టి వేలాడుతోంది. నేను తలెత్తి చూడలేదు.

తర్వాత కూర్చుని ఆలోచించాను. ఆలోచించడమే నేను చేసిన మొదటి తప్పు. అత్తాకోడళ్లను పంపమంది. ఈ ఇంట్లో అత్త ఆమె, కోడలిని నేను. ఆమె సూర్యాపేట వెళ్లింది. ఆమె లేకుండా అత్తాకోడళ్లను పంపడం ఎలా? పోనీ, ఆమె అటు నుంచి అటే మిర్యాలగూడెం వస్తుందేమో. అయితే నన్ను ఎందుకు? ఈరయ్య ఇంట్లో ఏదైనా శుభకార్యమా? చెప్పలేదే! కోడలికి ఏదీ చెప్పరు కదా. వాకిట్లో కూర్చున్న మామగారిని అడిగాను. ఆయనకు చెముడు.

"మామా, అత్తాకోడళ్లను పంపమంది అత్తమ్మ. ఎవరిని?"

"ఆఁ? అత్తకు జొరమా?"

"జ్వరం కాదు మామా! అత్తాకోడళ్లు!"

"కోడి గుడ్లా? గంప కింద సూడు."

గంప కింద చూడలేదు కానీ, నా చీరలు నాలుగు మూట కట్టుకున్నాను. దారిలో తినడానికి ఏమైనా చేద్దామంటే గరిసెలోని జొన్నలు తీయాలి. మనిషి లోపలికి దిగితే తప్ప అందవు. దిక్కులు చూస్తుంటే ఉట్టి కనిపించింది. దించి మట్టి మూత పగలగొట్టాను. బూడిద, వేపాకు, వాటి మధ్య జొన్నలు. గింజ ఒక పక్క చదునుగా ఉంది. కోదాడ పిల్లను కదా, అన్నీ నొక్కుకుపోయిన గింజలనుకున్నాను. మంచివి గరిసెలో పోసుకుని తాలువి ఉట్టిలో పెట్టారు కాబోలు, వేయిస్తే ఇల్లు శుభ్రమవుతుంది, అత్తగారు సంతోషిస్తుంది అనుకున్నాను. చారెడు మూకుట్లో వేశాను. అవి టపటపా పేలి మల్లెపూలలా విచ్చుకుంటుంటే ముచ్చటేసింది. ఇంకో చారెడు వేశాను. ఇంకొక్క చారెడే అనుకుంటూ పోతే కుండ అడుగు తగిలింది. బెల్లం కలిపి సంచి నిండా నింపాను. ఇంత పనిమంతురాలైన కోడలు ఈ జిల్లాలో లేదని నాకు నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దెక్కక ముందే ఈరయ్య వచ్చాడు. మా ఆయనకు మేనమామ కాబట్టి నాకు తండ్రి వరుస, చిన్నాయినా అని పిలవాలి. బండి దిగకుండానే అడిగాడు.

"ఏం బిడ్డా, అత్తాకోడండ్లు తయారేనా?"

"కోడలు తయారే చిన్నాయినా. అత్త సూర్యాపేట పోయింది."

ఆయన నోరు తెరిచాడు. "అత్త సూర్యాపేట పోవుడేంది? ఇద్దరు ఒక్కతాన్నే ఉంటరు గద!"

"నిన్ననే పోయింది. అక్కడ వదినకు నొప్పులు."

"నొప్పులకు గాళ్లెందుకు?" అని తల గోక్కున్నాడు. "సగమే పోయిందా, మొత్తం పోయిందా?"

"మనిషన్నాక సగం ఎలా పోతుంది చిన్నాయినా? మొత్తమే పోయింది."

"మరి నాకేం మిగిలింది?"

"నేను లేనా?" అన్నాను, కొంచెం నొచ్చుకుని.

ఆయన నన్ను చూశాడు, నా చంకలోని మూటను చూశాడు. అప్పుడాయన మొహం వెలిగింది. అక్క కొంత సూర్యాపేటకు ఇచ్చింది, మిగతాది మూట కట్టి కోడలికి అప్పగించింది, తమ్ముడి చేతికి ఇస్తే మళ్లీ కాల్చుకుంటాడని కాపలాకు కోడలినే పంపుతోంది అని ఆయన లెక్క. నా లెక్క మీకు తెలుసు. రెండు లెక్కలూ ఒకే బండెక్కాయి.

"అక్కకు నా మీద నమ్మకం లేదు," అన్నాడు బాధగా. "గా మూట జర ఇటియ్యి బిడ్డా, పైలంగ పెడ్త."

మూటను గడ్డి మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు. నన్ను చివర కూర్చోమన్నాడు. కోసెడు దూరం పోయామో లేదో చినుకులు మొదలయ్యాయి. ఆయన దగ్గర ఒకే ఒక్క గొంగడి ఉంది. అది తీసి నా వైపు వస్తుంటే తండ్రి వరుస అంటే ఇదీ అనుకున్నాను. ఆయన నన్ను దాటి వెళ్లి మూటకు కప్పాడు. నాలుగు మూలలూ లోపలికి మడిచాడు. నేను తడిశాను. నా చీరలు మాత్రం పొడిగా ప్రయాణం చేశాయి.

"చిన్నాయినా, అత్తమ్మ తడవకుండా చూడమంది," అన్నాను వణుకుతూ.

"గందుకే గద కప్పిన!" అన్నాడు ఆయన.

వాన వెలిశాక ఆయనకు హుషారొచ్చింది. "రేపు పొద్దుగాల్నే పని మొదలువెడ్త బిడ్డా. చెలక దున్ని తయారుగ పెట్టిన. అత్తాకోడండ్లను భూమిల ఏసుడే."

"ఎక్కడ వేయడం?"

"భూమిల. బెత్తెడు లోతుల."

 "వేసి?"

"ఏసి మీద మన్ను కప్పుడు. గుంటుక తోలి సాపు జేస్త. వాన వడ్డదంటే నాలుగొద్దులల్ల లేస్తరు."

"లేవకపోతే?"

ఆయన నిట్టూర్చాడు. "లెవ్వకుంటె ఖతం. ఇగ ఈ జాతి నాశినమైనట్టే. మల్ల యాడికెల్లి తేవాలె?"

నవ్వుతున్నారా? మీరు నా చోట ఉండి చూడాలి. రెండేళ్లుగా ఊళ్లలో ఏమేం జరిగాయో విన్న పిల్లను. పెళ్లయి మూడు నెలలు. మూసీ ఇసుకలో బండి దిగబడుతూ పోతోంది, చుట్టూ మనిషి లేడు, బండి తోలేవాడు నన్నూ మా అత్తనూ పాతిపెట్టి గుంటుక తోలతానంటున్నాడు. పిచ్చివాళ్లను మంచి చేసుకోవాలంటే తిండి పెట్టాలని మా అమ్మమ్మ చెప్పేది. సంచి విప్పి, దోసెడు పేలాలు ఆయన ముందుకు చాపాను.

"తినండి చిన్నాయినా."

ఆయన తిన్నాడు. "మస్తుగున్నయ్," అని ఇంకో దోసెడు తీసుకున్నాడు. నేనూ తిన్నాను, చచ్చేముందు ఆకలితో ఎందుకని. మూడో దోసెడు ఆయన నోట్లో ఉండగా పేలని గింజొకటి పంటి కిందికి వచ్చింది. తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. వేలితో తిప్పాడు. ఒక పక్క గుండ్రం, ఒక పక్క చదును. ఎడ్లు వాటంతట అవే నిలబడ్డాయి.

"గీ జొన్నలు యాడియి?" అన్నాడు నిండు నోటితో.

"పొయ్యి మీద ఉట్టిలోవి."

ఆయన మింగలేకపోయాడు. ఉమ్మలేకపోయాడు. అలాగే బుగ్గలు ఉబ్బించుకుని నా మూట వైపు వేలు చూపించాడు.

"మరి గా మూటల ఏమున్నయ్?"

"నా చీరలు."

ఆయన గొంగడి లాగి మూట విప్పాడు. పైనే నా పెళ్లి చీర. ఇసుకలో చతికిలబడి, ఆ గింజను కళ్లకద్దుకుని, అప్పుడు మింగాడు.

"అత్తాకోడండ్లంటే జొన్నలు బిడ్డా! జొన్నలు! గీ ఏడూర్లల్ల ఇంకెవ్వరి తాన లెవ్వు!"

"మరి నన్నెందుకు తీసుకొస్తున్నారు?"

"నువ్వెక్కినవ్ గనక!"

నేను చీరలు మళ్లీ మూట కట్టాను. 

బండి వెనక్కి తిరిగింది. దారంతా సంచిలో మిగిలిన పేలాలను ఒక్కొక్కటే తీసి చూశాను, పేలనివి ఏమైనా బతికి ఉంటాయేమోనని. పదకొండు దొరికాయి. అన్నీ మాడినవే. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. తిడతారని కాదు. ఇళ్లు కాలిపోతున్నా ఆ ముసలావిడ పొయ్యి మీద వేలాడదీసి కాపాడిన దాన్ని, నేను ముచ్చటేసి పేల్చుకుతిన్నాను. ఆ కుండ ఎంత బరువో నేను దించినప్పుడు చూశాను, ఎంత విలువో చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు మనవడు పుట్టాడన్న సంతోషంతో బండి దిగింది. వాకిట్లో తమ్ముడు తల పట్టుకుని కూర్చున్నాడు. నేను ఖాళీ కుండ ముందు పెట్టుకుని నిలబడ్డాను. ఇద్దరం ఒకరి మాట ఒకరు కోస్తూ, ఎవరు ఎవరిని ఎక్కించారో, ఎవరు ఎవరిని తిన్నారో చెప్పాం. ఆమె రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది. మామగారు మాత్రం "గుడ్లు దొరికినయా?" అని అడిగాడు.

అత్తగారు అరవలేదు. సంచిలో చెయ్యిపెట్టి నాలుగు పేలాలు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది.

"బెల్లం ఎక్కువైంది," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "బట్టలు మూటల్నే ఉన్నయి గద. రేపు కోదాడకు పో."

అయిపోయింది నా కాపురం అనుకున్నాను. కాళ్ల మీద పడ్డాను. "అత్తమ్మా, తప్పైంది. పుట్టింటికి పంపకండి. ఇంకెప్పుడూ ఉట్టి వైపు కూడా చూడను."

"గిదేంది, కాళ్లు ఇడువు! నిన్నెవరు ఎల్లగొట్టిండ్రు? మీ అమ్మ తాన సోరకాయ బుర్ర ఉన్నది, పోయి తే. లగ్గం మాట అనుకున్న నాడు నేనే ఇచ్చిన. గడబిడల ఏ ఇల్లు ఉంటదో, ఏ ఇల్లు పోతదో తెల్వదని, గీ ఇత్తనంల నాలుగు దోసిళ్లు ఆడ పెట్టిన."

ఈరయ్య లేచి నిలబడ్డాడు. నాకు మాత్రం ప్రాణం రాలేదు. ఎందుకంటే నేను మా అమ్మ కూతురిని. కూతురు వేయించింది, తల్లి ఏం చేసి ఉంటుంది?

సూర్యాపేటలో బస్సెక్కి నేనూ మా ఆయనా కోదాడలో దిగేసరికి, మా అమ్మ బర్రెల కొట్టం ముందు నిలబడి ఉంది. నేను కుశలం కూడా అడగలేదు.

"అమ్మా, మా అత్త నీకిచ్చిన సోరకాయ బుర్ర ఏదీ?"

అమ్మ నన్ను లోపలికి లాగి గొంతు తగ్గించింది. "గట్టిగా అనకే! అది మహిమ గల బుర్ర. దేవుడి పటాల పక్కనే పెట్టాను."

"మహిమేంటి?"

"మీ అత్తగారు ఇస్తూ ఏమందనుకున్నావ్? కింద పెట్టకు, తడి తగలనియ్యకు, ఎవ్వరికీ ఇయ్యకు, పొగ తప్పనియ్యకు అంది. ఇంకేముంటది, ఇల్లు కాపాడే తాయెత్తే కదా! శుక్రవారం శుక్రవారం పసుపు రాసి, బొట్టు పెట్టి, సాంబ్రాణి పొగ వేస్తున్నా. అది వచ్చాకే మన బర్రె దూడనేసింది తెలుసా?"

"అమ్మా, అందులో ఉన్నది జొన్నలే."

"ఛీ, లెంపలేసుకో!"

లెంపలేసుకున్నాను. బుర్ర మూత తీశాను. బూడిద, వేపాకు, నాలుగు దోసిళ్ల జొన్నలు. ఒక పక్క గుండ్రం, ఒక పక్క చదును. ఒక్కదానికీ పురుగు లేదు. మా అమ్మ భక్తితో వేసిన పొగ, మా అత్త పొయ్యి పొగకంటే బాగా పనిచేసింది. అయినా అమ్మ బుర్ర వదలదు. బర్రె పాలు ఆగిపోతాయని ఆమె భయం. చివరికి మా ఆయన మధ్యవర్తిగా కూర్చుని, ఒక దోసెడు బుర్రలోనే ఉంచి, మూడు దోసిళ్లు నా కొంగులో పోయించాడు. ఆ మూడు దోసిళ్లనూ సూర్యాపేట దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా నా వైపు దగ్గినా కొంగు బిగించాను.

ఈరయ్య మొదటి వాన పదునుకే చల్లాడు. నాలుగు రోజుల్లో లేచారు. పంట చేతికొచ్చే వేళ కంకి పట్టుకుని అత్తగారి దగ్గరికి వచ్చాడు. ఆమె ఒక పొట్టు ఒలిచి, లోపలి రెండు గింజలు నా అరచేతిలో పెట్టింది.

"సూడు. గిది నేను, గిది నువ్వు."

"ఎడమొహం పెట్టుకున్నారేంటి అత్తమ్మా?"

"ఒక్క పొట్టుల ఉండాలె గద, జాగ సరిపోవద్దా? వీపులైతే ఆనుకొనే ఉన్నయి." ఆమె కుండకు కొత్త తాడు కట్టి, ముడి మీద నా వేళ్లు పెట్టి తడిమించింది. "గీ ముడి యాదికి పెట్టుకో. ఇగ ఇది నీదే."

నాకు చాలా సంతోషమైంది. ఆ సంతోషంలో ఈరయ్య ఇంకో మాట చెప్పాడు. వాళ్ల వైపు ఆ విత్తనం అడిగినవాళ్లందరికీ ఆయన జరిగిందంతా వివరంగా చెప్పి, పంట ఇంటికి రాగానే ఇస్తానని మాటిచ్చాడట. దాంతో పేరు మారిపోయింది. మిర్యాలగూడెం దిక్కు పల్లెల్లో ఇప్పుడు దాన్ని అత్తాకోడండ్లు అనేవారు లేరు. "కోడలు తిన్న జొన్న" అంటారు. నేను పోయినా ఆ పేరు పోదు, ఎందుకంటే ఆ విత్తనం పోకుండా చూస్తున్నది నేనే.

కాబట్టి, మా అత్తగారి విత్తనాల అర్ర సాక్షిగా, మా అమ్మ సోరకాయ బుర్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై పేరు అడగకుండా ఏ గింజనూ మూకుట్లో వేయను. ఎవరి వరుసైనా సరే, ఎవరిని తీసుకుపోవడానికి వచ్చారో తేలకుండా బండెక్కను. నాకు కోడలు వచ్చిన రోజున, అట్టకాగితం మీద నా నాలుగో తరగతి చదువంతా పెట్టి పెద్ద అక్షరాలతో ఇలా రాసి ఉట్టికి కట్టాను:

"వీరు అత్తాకోడళ్లు. జొన్నలు. వేయించరాదు. బండి వచ్చినప్పుడు కుండను ఎక్కించవలెను. కోడలు ఇంట్లోనే ఉండవలెను."